ఒక ఊరు... రెండు రాష్ట్రాలు!

పరందోళిలో పిల్లాణ్ని బడికి పంపాలంటే ముందు తేలాల్సింది ఒక్కటే... తెలుగు బడా, మరాఠీ బడా? రెండూ ఊళ్లోనే ఉన్నాయి. పంచాయతీలూ రెండు. చాలా ఇళ్లలో రేషన్‌కార్డులు, ఓటరు కార్డులూ రెండేసి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కు ఏప్రిల్‌ 19న, ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్‌ జరిగింది. ఇక్కడివాళ్ల పేర్లు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి మరి!

కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లా కెరమెరి మండలంలోని సరిహద్దు కొండల్లో ఇలాంటి రెవెన్యూ గ్రామాలు 12. మహారాష్ట్ర లెక్కలో అవి జివతి తాలూకావి. నిజాం రోజుల్లో ఈ పేచీ లేదు. రాజురా, కిన్వట్‌ కూడా అప్పట్లో ఆదిలాబాద్‌ జిల్లావే. 1956లో భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు అటు వెళ్లాయి. గోండులు, కొలాంలు, లంబాడాలు, మరాఠీ మాట్లాడే దళితులు కలిసుండే చోట భాషను బట్టి గీత గీయడం మాటలా? వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

రెండు ప్రభుత్వాల పథకాలంటే బయటివాళ్లకు భలే అనిపిస్తుంది. రైతుకు కావాల్సింది మాత్రం పట్టా. అటవీ భూమిలో పత్తి వేసుకునే కుటుంబాలు దశాబ్దాలుగా దానికోసమే తిరుగుతున్నాయి... ఒకసారి ఆసిఫాబాద్‌కు, ఒకసారి చంద్రపూర్‌కు.