మతి పోయిందనే ముందు చెవి చూపిద్దాం

ఆళ్లగడ్డ శిల్పి రాయిని తట్టి మోత వింటాడు, కంటితో గీత చూస్తాడు, చేత్తో నునుపు తడుముతాడు. మూడూ మెదడులో కలిస్తేనే విగ్రహం. వయసు మళ్లినవాళ్లకు ఈ కలయిక మరీ అవసరం. చెవి తగ్గితే, పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటారు. చూపూ తగ్గితే ఆ ఆసరా కూడా పోతుంది.

లాన్సెట్ కమిషన్ 2017లో వినికిడి లోపాన్ని, 2024లో సరిచేయించని చూపు లోపాన్ని డిమెన్షియా ముప్పుల్లో చేర్చింది. రెండూ మనం చక్కదిద్దుకోగలిగినవే. మనమేమో "జేజికి మతి పోయింది" అని నవ్వేస్తాం!

మిషన్ పెడితే మతిమరుపు రాదని గ్యారంటీ లేదు. అయినా నా మాట ఇదే: సెలవుల్లో జేజిని నంద్యాలకు పిల్చుకుపోయి చెవి, కన్ను చూపించండి. ఫోన్ పక్కనపెట్టి, వెలుతురులో ఎదురుగా కూర్చుని మాట్లాడండి. అరవాల్సిన పనిలేదు.