సూపర్ ప్యాక్ అంటే ఏంటి? మన 40 లక్షల లెక్క ఏంటి?

అమెరికాలో ఎన్నికలొస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా హడావిడే. మా ఎస్.కోట నుంచి వెళ్లినవాళ్లు 'ప్యాక్', 'సూపర్ ప్యాక్' అంటుంటే, ఇక్కడున్న మనం ఓ లైక్ కొట్టి ఊరుకుంటాం. మన లెక్కల పక్కన పెట్టి చూస్తే ఆ మాటలు ఇట్టే బుర్రకెక్కుతాయి.

హద్దు ఎక్కడ?
మన దగ్గర ఖర్చుకి హద్దు. 2024లో ఎస్.కోట ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షలు. మా ఊరు విజయనగరం జిల్లాలోదే అయినా ఎంపీ సీటు విశాఖపట్నం, ఆ అభ్యర్థికి 95 లక్షలు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్క చూపాలి. అమెరికాలో ఇది రివర్స్. సొంతంగా పోగేసుకున్న డబ్బు అభ్యర్థి ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, హద్దంతా చందాకే. 2024లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ప్రైమరీలో 3,300 డాలర్లు, అసలు ఎన్నికలో మరో 3,300 మించి ఇవ్వకూడదు.

ప్యాక్, సూపర్ ప్యాక్
చందాలు పోగేసి అభ్యర్థులకిచ్చే కమిటీ ప్యాక్. దానికీ పరిమితులున్నాయి. 2010లో 'సిటిజన్స్ యునైటెడ్' తీర్పు, దాని వెనకే వచ్చిన ఇంకో కోర్టు తీర్పు కలిసి సూపర్ ప్యాక్‌కి దారి తీశాయి. ఇది కంపెనీల దగ్గర కూడా ఎంతైనా తీసుకోవచ్చు. అభ్యర్థికి నేరుగా ఇవ్వకూడదు, అతనితో కూడబలుక్కోకూడదు. అంతే.

డార్క్ మనీ
ఇచ్చినోడి పేరు బయటికి రాని డబ్బు. మనకి 2018లో మొదలైన ఎలక్టోరల్ బాండ్లు ఇలాంటివే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక లెక్కలు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బీజేపీకి 6,000 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కి 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్సీపీకి సుమారు 337 కోట్లు, టీడీపీకి దాదాపు 219 కోట్లు. పార్టీ ఖర్చుకి మన చట్టంలో హద్దే లేదు. కోడ్ రాసేవాడిగా నాకిది, అభ్యర్థి గడికి వాలిడేషన్ పెట్టి పార్టీ గడిని వదిలేసిన ఫారంలా కనిపిస్తుంది.

స్ట్రా డోనర్
అమెరికాలో ఉన్న అన్నయ్యలు, అక్కలు ఇది జాగ్రత్తగా చదవండి. ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు అక్కడ ఏ ఎన్నికకీ చందా ఇవ్వకూడదు. మనవాళ్లు పెట్టే ఫండ్‌రైజర్ డిన్నర్‌కి టికెట్ కొన్నా చందా కిందే లెక్క. సిటిజన్ అయిన బావ పేరు మీద మన డబ్బు పంపడమూ నేరమే. ఇలా వేరేవాళ్ల డబ్బుని తన పేరు మీద ఇచ్చేవాడే స్ట్రా డోనర్. గ్రీన్ కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు గానీ, అధ్యక్ష ఎన్నికలో ఓటుండదు. వీసా మీద బతికేవాళ్లకి 50 డాలర్ల మొహమాటం చాలా ఖరీదవ్వొచ్చు.

ఇక ఊళ్లో ఉన్న మనకి ఒక మాట. అభ్యర్థి ఇచ్చిన ఖర్చు లెక్కని రూపాయి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని 1961 నాటి ఎన్నికల రూల్సే చెప్తున్నాయి. అందులో రాసిన జెండాలు, జీపులు, భోజనాలు మనం కళ్లారా చూసినవే. సరిపోలాయో లేదో చెప్పగలిగేది మనమే.