మన మంచీ చెడ్డా : వీసా లేదన్న తరువాత



ఆగస్టు వచ్చేసరికి మన ఇళ్ళలో ఫోను మ్రోగితే తరచు ఒకటే సంగతి. అవతల బావగారో, పెద్దమ్మగారో. "పిల్లవాడికి వీసా లేదన్నారు. మీరక్కడే వున్నారు గదా, ఎవరికైనా ఒక మాట చెప్పండి" అంటారు. మాట చెప్పడానికి హోమ్ ఆఫీసులో మనకు మేనమామలెవరూ లేరు. అయినా చెయ్యదగినది కొంత వున్నది. దానికి గడువు చాలా తక్కువ గనుక ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము. మేము వైద్యులమే గాని న్యాయవాదులం కాము. చిక్కు కేసులకు సొలిసిటరునో, అనుమతి పొందిన ఇమ్మిగ్రేషన్ సలహాదారునో చూడవలసిందే.

మొదటి పని, నిరాకరణ ఉత్తరాన్ని ఆసాంతం చదవడం. కారణమేమిటని అడిగితే చాలామంది "ఏదో బ్యాంకు గొడవట" అని ఊరుకుంటారు. రిపోర్టు చూపించకుండా మందు వ్రాయమంటే మేమేం వ్రాస్తాము? జ్వరం ఒకటే అయినా మలేరియాకు ఒక మందు, టైఫాయిడుకు ఒక మందు. మా దగ్గరికి వచ్చిన రెండు ఉత్తరాల సంగతి వినండి. రెండింటిలోనూ కారణం డబ్బే.

మొదటిది ఖమ్మం వైపు అమ్మాయిది. డబ్బు తండ్రిగారి ఖాతాలో వున్నది. తల్లిదండ్రుల ఖాతా చూపవచ్చు. దానికి పిల్ల జనన ధ్రువపత్రమూ, ఈ సొమ్ము ఆమె చదువుకే అని వారి సమ్మతి పత్రమూ జతపరచాలి. ఆమె రెండూ జతపరచింది. సమ్మతి పత్రం లేదని అధికారి వ్రాశాడు. ఇది అధికారి పొరపాటు. దీనికి మందు 'అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ'. మన దేశం నుండి దరఖాస్తు పెట్టినవారు నిర్ణయం అందిన 28 రోజులలోగా 80 పౌన్ల రుసుము కట్టి కోరాలి. మొదట చూసిన అధికారి కాక వేరొకరు పరిశీలిస్తారు. ఏ కాగితం ఏ తేదీన పంపిందీ, ఉత్తరంలో ఏ వాక్యం ఎందుకు తప్పో అమ్మాయి ఒక్క పేజీలో వ్రాసింది. అందులో కష్టాల కథ లేదు. నిర్ణయం మారింది. కాని అప్పటికే క్లాసులు మొదలయ్యాయి. యూనివర్శిటీ వారు జనవరి బ్యాచికి మార్చారు.

రెండవది తెనాలి దగ్గర అబ్బాయిది. రెండెకరాలు అమ్మి సొమ్ము ఖాతాలో వేశారు. కావలసిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో వుండాలి, ఒక్క రోజు కూడా తగ్గరాదు. ఆ 28 రోజుల ఆఖరి తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజుల కన్న వెనుక వుండరాదు. 19వ రోజున తండ్రిగారు ఎరువుల బాకీకి కొంత తీసి, నాలుగు రోజులకు మళ్ళీ వేశారు. అధికారి లెక్క సరిగానే వున్నది. ఇక్కడ రివ్యూ పెడితే డబ్బూ కాలమూ దండుగ. రివ్యూలో సాధారణంగా క్రొత్త కాగితాలు చూడరు, ఉన్న కాగితాల మీద అధికారి తప్పు చేశాడా అన్నదే చూస్తారు. దీనికి మందు క్రొత్త దరఖాస్తు. పైగా రివ్యూ నడుస్తుండగా మరో దరఖాస్తు పెడితే ఆ రివ్యూ రద్దవుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పనికిరావు.

క్రొత్త దరఖాస్తుకు యూనివర్శిటీ వారి క్రొత్త 'క్యాస్' నంబరు కావాలి. ఒకసారి వాడినది మళ్ళీ చెల్లదు. ఇవ్వడానికి వారు జంకుతారు, ఎందుకంటే వారు పిలిచిన విద్యార్థులలో నిరాకరణలు ఎక్కువైతే వారి లైసెన్సుకే ముప్పు. ఆ హద్దును 2014లో 20 నుండి 10 శాతానికి దించారు. ఇంకా బిగించాలని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించింది. కనుక జరిగినది దాచకుండా యూనివర్శిటీకి వెంటనే తెలియజేయాలి.

ఈ అబ్బాయి బాబాయిగారు మన సభ్యులే. "డాక్టరు గారూ, అన్నయ్య ఆసుపత్రిలో వున్నాడనీ, అందుకే డబ్బు తీశాడనీ ఒక సర్టిఫికెట్టు వ్రాసివ్వండి" అని అడిగారు. మేము వ్రాయలేదు. చూడని రోగికి, లేని జబ్బుకు సర్టిఫికెట్టు ఇవ్వము. ఊళ్ళో ఏజెంటేమో బ్యాంకు లెటరు తాను పుట్టిస్తానన్నాడట. దరఖాస్తులో మోసం తేలితే ఈ దేశంలో పదేళ్ళ దాకా తలుపు మూసుకుంటుంది. వేరే దేశానికి పెట్టుకున్నా "ఇదివరలో ఎక్కడైనా నిరాకరించారా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. లెక్క తప్పితే పోయేది ఒక టర్ము. అబద్ధమాడితే పోయేది ఇరవై రెండేళ్ళ పిల్లవాడి యౌవనం. ఏజెంటుకు పోయేదేమీ లేదు. బాబాయిగారు కొన్నాళ్ళు మాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు సొమ్ము మళ్ళీ ఖాతాలో పడింది. మేమిది వ్రాసేనాటికి 16 రోజులు. ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పారట.

కోర్టుకు ఎక్కరాదా అని కొందరు అడుగుతారు. 1969 చట్టం అప్పీలు హక్కు ఇచ్చింది. 1993లో చిన్న కోర్సుల విద్యార్థులకు అది పోయింది. 2014 చట్టం తరువాత మామూలు విద్యార్థి వీసాకు అప్పీలు లేదు. మిగిలినది జుడీషియల్ రివ్యూ. దానికి మూడు నెలల లోపే కదలాలి, ఓడితే అవతలివారి ఖర్చులు కూడా నెత్తిన పడవచ్చు. మీ ఎం.పి. గారికి వ్రాస్తే విచారిస్తారు గాని నిర్ణయం వారి చేతిలో లేదు.

ముందుజాగ్రత్తలు మూడు. మేనమామ, బాబాయి ఖాతాలు చెల్లవు. వారు సాయం చేస్తే సొమ్ము పిల్లల ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో పడి 28 రోజులు వుండాలి. క్షయ పరీక్ష హోమ్ ఆఫీసు ఆమోదించిన క్లినిక్కులోనే చేయించాలి. మా వంటి వారి చీటీ పనికిరాదు. ఏ కోర్సు, ఎందుకు, ఆ ఊరే ఎందుకు అన్నవాటికి పిల్లలే సొంత మాటల్లో జవాబు చెప్పగలగాలి. ఏజెంటు బట్టీ పట్టించిన జవాబుతో నిజమైన విద్యార్థి కూడా అనుమానం పాలవుతాడు.

ఇలాంటి ఉత్తరం మీ ఇంటికి వస్తే, అందిన తేదీని ముందు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఆ తరువాతే ఫోన్లు. వచ్చే నెల మరో సంగతితో కలుసుకుందాం.