రంగుల గోపురం సరే, కింద నేల సంగతేంటి?



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మూడో అంశం మన లేఔట్ పార్కులో పిల్లల ఆటస్థలం. పాత సామాను తీసేసి కొత్తది పెట్టడానికి సంఘం నిధి నుంచి విరాళం ఇవ్వాలన్నది ప్రతిపాదన. గ్రూపులో ఇప్పటికే కంపెనీల కేటలాగులు తిరుగుతున్నాయి. ఎర్ర గోపురం, పసుపు సొరంగం, నీలం జారుడుబల్ల అన్నీ కలిపిన పెద్ద సెట్టు చాలామందికి నచ్చినట్టుంది. కింద ఇంటర్‌లాక్ టైల్స్, పక్కన మన సంఘం పేరుతో గ్రానైట్ ఫలకం. డబ్బు ఇవ్వడానికి నేను పూర్తిగా అనుకూలం. ఆ డబ్బుతో ఆ సెట్టు కొనడానికి మాత్రం వ్యతిరేకిని. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగైనా ఆదివారం లోపు ఓపిగ్గా చదవండి.

పాతది పోవాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఉయ్యాల కొక్కేలు సగం అరిగిపోయాయి. జారుడుబల్ల అంచున రేకు లేచింది. ఏటా కొట్టిన పెయింటు తుప్పును దాచిందే గానీ ఆపలేదు. ఆ పెయింటు గురించి కూడా ఒక మాట. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మన జారుడుబల్ల అంతకంటే చాలా పాతది. దాని అడుగు పొరల్లో ఏముందో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. కాబట్టి దాన్ని అక్కడే గీకి, ఆ పొడి మట్టిలో కలిసేలా చేయకూడదు. విప్పి తీసుకెళ్ళాలి. సీసం అందరికంటే ఎక్కువగా చెరిచేది చిన్నపిల్లల మెదడునే.

ఇంకో సంగతి మన బెంగళూరులో ఎవరూ మరిచిపోలేదు. 2024 సెప్టెంబరులో మల్లేశ్వరంలో ఆడుకోవడానికి వెళ్ళిన ఒక పిల్లవాడి మీద పార్కు ఇనుప గేటు పడి ప్రాణం పోయింది. అది ఆట సామాను కాదు, గేటు. రోజూ తీసేది, మూసేది. ఆటస్థలం అంటే మనం కొన్న సామాను ఒక్కటే అనుకుంటే ఇలాంటివి కంటికి ఆనవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆటస్థలంలో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కింద పడటం వల్ల తగిలేవే. పిల్లలు ఎక్కుతారు, కాబట్టి పడతారు. పడకుండా ఆపడం మన వల్ల కాదు, ఆపకూడదు కూడా. ఎక్కడ పడతారన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఆటస్థలాల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. దాని లెక్కలో 9 అంగుళాల మందాన ఇసుక ఉంటే 4 అడుగుల ఎత్తు నుంచి పడేవాళ్ళకు సరిపోతుంది. పచ్చిక, గట్టి మట్టి రక్షణ కిందికే రావు. ఇక సిమెంటు టైల్స్ సంగతి చెప్పాలా?

కేటలాగులోని గోపురంలో పిల్లలు నిలబడే అరుగు దాదాపు మనిషెత్తు. ఆ ఎత్తుకు 9 అంగుళాల ఇసుక కూడా చాలదు. కొటేషన్‌లో దాని కింద రాసింది టైల్స్! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

రబ్బరు పరుపు వేయిద్దామని కొందరు అన్నారు. బాగా వేస్తే మంచిదే. చక్రాల కుర్చీ కూడా దాని మీద నడుస్తుంది. కానీ మన ఏప్రిల్ ఎండకు అది కాలుతుంది. కింద నీరు పోయే దారి సరిగ్గా పెట్టకపోతే వానాకాలంలో ఉబ్బి చీలుతుంది. చీలిన ముక్క మార్చడానికి పిలిస్తే వచ్చే మనిషి ఉండాలి. ఇసుకకు ఆ బాధ లేదు. అయితే ఇసుకకు దాని బాధ దానికుంది: కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయి, తొక్కి తొక్కి గట్టిపడుతుంది. రోజూ ఒకరు దంతెతో గుల్ల చేయాలి, ఏటా కొత్తది పోయాలి. ఏది ఎంచుకున్నా నెలనెలా ఖర్చు ఉంది. కేటలాగులో లేనిది ఆ ఖర్చే.

అందుకే నా మాట ఇది. ఇచ్చే రూపాయిలో నలభై పైసలు నేలకు, ఇరవై పైసలు రాబోయే ఐదేళ్ళ మరమ్మతుకు పక్కన పెట్టండి. మిగిలిన నలభై పైసలకు వచ్చే సామానే కొనండి. సామాను తగ్గుతుందా? తగ్గనివ్వండి. నాలుగు అడుగులు దాటని జారుడుబల్ల, మంచి ఉయ్యాలలు, చిన్నవాళ్ళకు వేరుగా ఒక మూల, ఎక్కడానికి ఒక తాళ్ళ వల చాలు. ఉయ్యాలకు చోటు వదలాలి సుమా. వేలాడే కడ్డీ 8 అడుగుల ఎత్తులో ఉంటే ముందు 16 అడుగులు, వెనక 16 అడుగులు ఖాళీ ఉండాలి. కటకటాల మధ్య సందు మూడున్నర అంగుళాలకు మించి, 9 అంగుళాల లోపు ఉంటే చిన్నపిల్లల తల ఇరుక్కుంటుంది. ఈ లెక్కలు ఏ కొటేషన్‌లోనూ కనబడలేదు. రంగులు మాత్రం పదహారు రకాలు రాశారు.

మిగిలిన జాగా ఖాళీగా వదిలేయండి. మనం తొక్కుడుబిళ్ళ అంటాం, పక్కింటి వాళ్ళు కుంటెబిల్లె అంటారు. మన ఏడుపెంకులాట ఇక్కడ లగోరి. వీటికి కంపెనీ సామాను అక్కర్లేదు, చదునైన నేల ఉంటే చాలు. మన ఇళ్ళలో రెండో తరానికి కన్నడం నోటికి వచ్చింది బడిలో కంటే ఈ ఆటల్లోనే అని నా నమ్మకం. అలాగే ఆటస్థలానికి పడమట రెండు కానుగ మొక్కలు నాటాలి. ఆ హొంగె చెట్టు ఈ ఊరికి అలవాటైన చెట్టు, నీడ చిక్కగా ఉంటుంది. చెట్లు ఎదిగే దాకా పైన గుడ్డ పందిరి వేయాలి.

ఆడుకునేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. 2024లో నగర పార్కులను ఉదయం 5 నుంచి రాత్రి 10 వరకు తెరిచి ఉంచాలని ప్రభుత్వం ప్రకటించింది. మన ఆటస్థలం గేటుకు మాత్రం మధ్యాహ్నం తాళం పడుతూనే ఉంది. వేయమని అడిగింది మనలో కొందరే. నిద్రకు భంగమని ఒకరు, సామాను పాడవుతుందని ఒకరు. పగలంతా ఆ పార్కు చుట్టూ తిరిగే పిల్లలు ఎవరు? మన ఇళ్ళలో పనిచేసే అమ్మల పిల్లలు, వెనక వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్న కూలీల పిల్లలు. ఆ కూలీల్లో అనంతపురం వాళ్ళు, పాలమూరు వాళ్ళు ఉన్నారు. మన భాష మాట్లాడేవాళ్ళే. తెలుగు సంఘం డబ్బుతో వేసిన ఉయ్యాలకు తెలుగు కూలీ బిడ్డ ఎక్కకుండా తాళం వేస్తే, వేదిక మీద మనం ఎన్ని పద్యాలు పాడినా ఏం లాభం? ఆ పిల్లలు తెలుగువాళ్ళు కాకపోయినా నా మాట ఇదే.

నడవలేని పిల్లలు కూడా మన వీధుల్లో ఉన్నారు. వాళ్ళను ఆటస్థలంలో చూడడం లేదంటే లేరని కాదు, లోపలికి దారి లేదని. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా మన గేటు దగ్గర రెండు మెట్లు అలాగే ఉన్నాయి. గేటు నుంచి ఉయ్యాల దాకా వాలుగా గట్టి బాట, వెన్ను ఆనించుకునే కుర్చీ ఉన్న ఉయ్యాల ఒకటి. ఇవి దయతో ఇచ్చేవి కావు, పెట్టి తీరవలసినవి.

“ఇది కార్పొరేషన్ పని, మనకెందుకు?” అని ఒక అన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంటి పన్ను రసీదులు నా దగ్గరా ఉన్నాయి. కానీ ఈ ఊళ్ళోనే జరిగిన ఒక కథ గుర్తు చేస్తాను. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991లో తీర్పు నివాసుల పక్షాన వచ్చింది. పార్కులు, ఆటస్థలాలు ప్రజల కోసం వదిలిన చోట్లని, వాటి కోసం అడిగే హక్కు చుట్టూ ఉన్నవాళ్ళకు ఉందని కోర్టు ఒప్పుకుంది. అంటే మనం డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ చోటు గురించి అడిగే హక్కు మనకుంది. ఇచ్చినంత మాత్రాన అది మన సొంతమూ కాదు. కాబట్టి విరాళం ఇస్తూనే, నెలకోసారి తనిఖీ చేసి తేదీ వేసి సంతకం పెట్టే బాధ్యత అధికారులదేనని రాతపూర్వకంగా తీసుకుందాం.

ఫలకం సంగతి కూడా తేల్చేద్దాం. గ్రానైట్ వద్దు. తెలుగుతల్లి విగ్రహం పెడదామన్న మాట కూడా విన్నాను. ఆ తల్లి మీద నాకు భక్తి తక్కువేమీ లేదు. ఆమెకు మన సంఘ భవనంలో చోటుంది. పార్కులో కావాల్సింది కన్నడ, తెలుగు, తమిళ, ఉర్దూ భాషల్లో ఒక చిన్న బోర్డు: ఏ ఉయ్యాల ఏ వయసుకు, చివరి తనిఖీ ఎప్పుడు, గొలుసు తెగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. అడుగున సంఘం పేరు చిన్న అక్షరాల్లో ఉంటే చాలు.

ఆదివారం నేను పెట్టబోయే సవరణలు నాలుగు. ఒకటి, నేల ఏమిటో తేలే వరకు సామానుకు ఆర్డరు ఇవ్వకూడదు. రెండు, మరమ్మతు నిధి విడిగా బ్యాంకులో ఉండాలి. మూడు, మధ్యాహ్నం తాళం తీయాలి. నాలుగు, నిర్ణయం తీసుకునే ముందు ఒక సాయంత్రం కమిటీ వాళ్ళు పార్కుకు వెళ్ళి పిల్లల్నే అడగాలి.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. కొత్త సెట్టు కూడా నాలుగు వానాకాలాలకు పాతదవుతుంది. అప్పటికి కింద నేల మెత్తగా ఉందా, గొలుసు గట్టిగా ఉందా అన్నదే మిగులుతుంది. నాతో ఏకీభవించేవాళ్ళు ఆదివారం పదింటికల్లా రండి. ఏకీభవించనివాళ్ళు ఇంకా ముందే రండి, మాట్లాడుకుందాం.