కార్డు మీద మూడో పేరు

మొన్న మా ఆయన గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి కాకినాడ వెళ్లాం. పొద్దున్నే డిశ్చార్జి రాసిచ్చారు. "టీపీఏ నుంచి అప్రూవల్ రాలేదమ్మా" అంటూ దీపాలు పెట్టే వేళ దాకా కూర్చోబెట్టారు. ప్రీమియం కట్టింది ఇన్సూరెన్సు కంపెనీకి, వైద్యం చేసింది ఆసుపత్రి. మధ్యలో ఈ మూడో వాళ్లెవరో అమలాపురం వచ్చాక గానీ నాకు తెలియలేదు.

హైదరాబాద్‌లోని ఐఆర్‌డీఏఐ 2001లోనే టీపీఏలకు లైసెన్సు ఉండాలంది. 2016 నుంచి దాన్నే రిజిస్ట్రేషన్ అంటున్నారు. వీళ్లు కాగితాలు చూసేవాళ్లే, డబ్బిచ్చేది కంపెనీయే. 2024 మే నాటి సర్క్యులర్ ప్రకారం డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో రావాలి. ఆలస్యానికి ఆసుపత్రి అదనంగా వేసే బిల్లు కంపెనీదే.

లైసెన్సు మంచిదే. కానీ దాని వెనకున్న ఈ హక్కు మనకి తెలియకపోతే ఏం లాభం? ప్రతి ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గరా ఈ 3 గంటల మాట తెలుగులో రాసిపెట్టాలి. ఆరోజు నాకది తెలిసుంటే, కుట్లతో ఉన్న మనిషిని బల్ల మీద కూర్చోబెట్టుకుని దిక్కులు చూసేదాన్ని కాదు, నేరుగా కంపెనీకే ఫోన్ చేసేదాన్ని.

బీరువాలో పట్టుచీరల కింద దాచిన ఆ కార్డు ఇవాళే తీయండి. టీపీఏ పేరు, కంపెనీ నంబరు మీ ఫోన్‌లో రాసుకోండి.