ఇంటి పనిముట్లు: టీవీ ప్రక్కన పెట్టే కంప్యూటరుకు ఏ ప్రాసెసరు?

రాజాం నుండి ఒక సహోదరి ఇలా వ్రాశారు: "మాస్టారు రిటైరై రెండేళ్ళయింది. అబ్బాయి, కోడలు అమెరికాలో ఉన్నారు. మనవడి వీడియోలు పంపుతుంటారు. ఫోనులో చూస్తే మా ఇద్దరి కళ్ళకూ ఆనడం లేదు. హాల్లో టీవీకి కలుపుకునే కంప్యూటరు కొందామని షాపుకు వెళ్తే ఐ7 ప్రాసెసరు, దానిపైన గ్రాఫిక్సు కార్డు కలిపి ఎనభై వేలు చెప్పారు. మేము దాచుకున్నది ముప్పై వేలు. అంత పెట్టవలసిందేనా?"

అక్కరలేదమ్మా. మీ ముప్పై వేలలోనే పని జరుగుతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ప్రాసెసరు మీది పేరును చూచి మోసపోయినవాళ్ళలో నేనూ ఒకడిని.

2019లో విజయనగరంలో మా ఇంటి కొరకు, ఏదో ఆఫీసులో వాడి తీసివేసిన ఐ5 కంప్యూటరు కొన్నాను. మూడవ తరము చిప్పు, 2012 నాటిది. నాలుగు కోర్లున్నాయి గదా, సినిమా చూచుటకు ఇంతకన్న ఏమి కావాలనుకున్నాను. మా పెండ్లి వీడియో, సండే స్కూలు పిల్లల క్రిస్మసు నాటిక, పాత సినిమాల డీవీడీలు అన్నీ చక్కగా ఆడాయి. తరువాత మా అమ్మాయి బెంగుళూరు నుండి బిడ్డ మొదటి పుట్టినరోజు వీడియో పెన్‌డ్రైవులో తెచ్చింది. ఐఫోనుతో 4కె లో తీసినది. బిడ్డ కేకు మీద చేయి వేయబోయి అలాగే నిలిచిపోయింది, పాట మాత్రం సాగిపోతున్నది! పెట్టెలో ఫ్యాను వరి నూర్చే మిషనులాగా ఒకటే రొద. హెచ్.డి.ఎం.ఐ. తీగ మార్చాను. టీవీని అనుమానించాను. చివరకు ప్రక్క వీధిలో ఉండే మేనల్లుడి వరుస కుర్రవాడు తన కంప్యూటరు తెచ్చి తగిలించాడు. అది పెంటియం జి4560, 2017లో వచ్చిన చవక రకము, కోర్లు రెండే. అదే వీడియో నీళ్ళు పారినట్టు ఆడింది. "ఏటి మావా, పెద్ద ఐ5 అన్నావు?" అని నవ్వాడు. నాకు సిగ్గువేసింది గాని, సంగతి అప్పుడు తెలిసింది.

4కె వీడియోను, సెకనుకు 60 బొమ్మల చొప్పున, కుదించకుండా దాచితే ఒక్క నిమిషానికే నలభై జీబీలు దాటుతుంది. అందుచేత కెమెరా దానిని కుదించి దాస్తుంది, చూచేటప్పుడు కంప్యూటరు విప్పుతుంది. ఈ కుదింపులు పలు భాషల వంటివి. డీవీడీలది ఎంపెగ్ 2. తరువాత చాలాకాలం నడిచింది హెచ్.264. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుండి ఐఫోన్లు హెచ్.ఇ.వి.సి. అనే దానిలో తీస్తున్నాయి. యూట్యూబు 4కె వీడియోలు వి.పి.9లో వస్తాయి, ఈ మధ్య ఎ.వి.1లో కూడా.

ఇచ్ఛాపురంలో పుట్టిన పిల్లవాడి చేతికి ఒడియా ఉత్తరం ఇస్తే గడగడా చదివేస్తాడు. అదే ఉత్తరం ఒడియా రాని గొప్ప పండితుడికి ఇవ్వండి. నిఘంటువు ముందుంచుకొని మాట మాటా వెదికి చదవాలి, చెమటలు పట్టాలి. నా ఐ5 ఆ పండితుడు. హెచ్.ఇ.వి.సి. విప్పే విభాగము దానిలో అచ్చు వేయలేదు గనుక కోర్లన్నీ చాకిరీ చేసినా అందుకోలేకపోయింది. చిన్న పెంటియంలో ఆ విభాగము ఉన్నది, కోర్లకు పనే లేదు.

కాబట్టి ఐ3యా, ఐ7యా అని అడగకండి. ఎన్నవ తరము అని అడగండి. ఇంటెల్ చిప్పు మీద ఐ3-7100 అని ఉంటే ఏడవ తరము, ఐ3-12100 అని ఉంటే పన్నెండవది. 2015లో వచ్చిన ఆరవ తరము హెచ్.ఇ.వి.సి.ని విప్పుతుంది గాని 10 బిట్ల రకాన్ని పూర్తిగా విప్పలేదు. 2020 నాటి ఐఫోన్ 12 మొదలుకొని హెచ్.డి.ఆర్. వీడియోలు ఆ 10 బిట్ల రకమే. ఏడవ తరము దానిని, వి.పి.9ను కూడా విప్పుతుంది. ఎ.వి.1 కావాలంటే పదకొండవ తరము నుండి చూడాలి. ఎ.ఎం.డి. వారి రైజెన్ 3 3200జి కూడా ఎ.వి.1 తప్ప మిగిలినవి చక్కగా విప్పుతుంది.

ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉంటే (ఐ3-12100ఎఫ్ వంటివి) బొమ్మ చూపే భాగమే ఉండదు. కొంచెం చవకని తెచ్చుకుంటే విడిగా గ్రాఫిక్సు కార్డు కొనాలి. ఐదు వందలు మిగిల్చి ఐదు వేలు పోగొట్టుకున్నట్టు.

క్రొత్తది కొనాలంటే నా ఓటు ఇంటెల్ ఎన్100 చిప్పుతో వచ్చే చిన్న పెట్టెలకు. 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, పైన చెప్పిన భాషలన్నీ వచ్చు, ఎ.వి.1తో సహా. టిఫిను డబ్బా అంత ఉంటుంది. చిప్పు నిర్ణీత శక్తి 6 వాట్లే గనుక కరెంటు పోయినా ఇన్వర్టరుకు బరువు కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూచిన మన జిల్లాల వారికి దీని విలువ చెప్పనక్కరలేదు. డీవీడీ పెట్టే చోటు మాత్రం దానిలో ఉండదు, యు.ఎస్.బి. డ్రైవు వేరుగా కొనుక్కోవాలి.

వాడిన కంప్యూటరు కొనేవారు విండోసు సంగతి చూచుకోండి. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదవ తరము నుండి పైవాటికే ఒప్పుకుంటుంది. ఏడవ తరము మరీ చవకగా దొరికితే లిబ్రెలెక్ అనే ఉచిత వ్యవస్థ వేసి సినిమా పెట్టెగా వాడుకోవచ్చు. బ్యాంకు పనులకు మాత్రం పాత విండోసు వద్దు.

అసలు కొనకముందు ఒక పని చేయండి. మీ టీవీ ఈ మధ్యదైతే మనవడి వీడియోను పెన్‌డ్రైవులో వేసి టీవీకే గ్రుచ్చి చూడండి. చాలా టీవీలు వాటంతట అవే ఆడిస్తాయి. సినిమాల యాప్‌ల కొరకే అయితే టీవీకి తగిలించే చిన్న స్టిక్కు చాలు.

డబ్బు మిగిలితే దానితో రెండవ హార్డుడిస్కు కొనండి. హుద్‌హుద్ రాత్రి మా పైకప్పు కారి, మా నాన్నగారి గొంతు ఉన్న ఒకే ఒక క్యాసెట్టు తడిసిపోయింది. ఏ ప్రాసెసరూ దానిని విప్పలేదు. మనవడి వీడియోలు రెండు చోట్ల దాచండి, ఒకటి అబ్బాయి దగ్గర ఉంచినా మంచిదే.

షాపుకు వెళ్ళేటప్పుడు ఆ పెన్‌డ్రైవు సంచిలో వేసుకోండి. డబ్బు కట్టకముందే వి.ఎల్.సి.లో మనవడి వీడియో పెట్టమనండి. ప్రక్కనే టాస్క్ మేనేజరు తెరిపించి సి.పి.యు. శాతము చూడండి. పదో ఇరవయ్యో ఉంటే బిల్లు వ్రాయించండి. తొంభై దాటి బొమ్మ తడబడితే, పెన్‌డ్రైవు వెనక్కు తీసుకొని ప్రక్క షాపుకు వెళ్ళండి.