మ్రోగని యంత్రమునకు అద్దె

పాలచీటీని పైసతోగూడ సరిచూచు మనము, అంతర్జాలపు చీటీని మాత్రము మొత్తము చూచి చెల్లించుచున్నాము. ఈ మాసమున దానిని పంక్తిపంక్తియు చదువుడని మా మనవి.

మాయింటి చీటీలో టెలిఫోను అద్దె యను పద్దు వేరుగా గలదు. ఆ యంత్రము మ్రోగి యెన్ని మాసము లయ్యెనో! మాటలకు చేతిఫోనున్నది, మాకు వలసినది పిల్లల చదువునకు అంతర్జాలము మాత్రమే. పద్దు తీసివేయుడని యడుగగా, రెండును విడదీయరానివని బదులు వచ్చినది.

ఈ మాట కొకప్పుడు కారణము గలదు. రాగితీగల కాలమున మాట తక్కువ పౌనఃపున్యములలోను, అంతర్జాలము ఎక్కువ పౌనఃపున్యములలోను ఒకే తీగపై సాగెడివి. మాటలాడకున్నను తీగ కావలయును గనుక దాని కద్దె న్యాయమే. మా వీథికి వచ్చిన గాజుతీగలో మాటకు వేరుదారి లేదు. మాటయు అంతర్జాలముతోడనే పోవుచున్నది. ఇక రెండవ యద్దె యేల?

అద్దె నెలకు నూరు రూపాయలనుకొందము. నూటికి 18 వంతున పన్ను చేర్చిన 118, ఏడాదికి 1,416. అది బిడ్డల పుస్తకముల సొమ్ము గదా!

పాలమూరు పల్లెలలో దీనికి విపర్యయము. బొంబాయికో పుణెకో వలసపోయిన భర్తతో మాటలాడుటకే చిన్నఫోను నుంచుకొన్న యిల్లాలు, తాను వాడని అంతర్జాలమునకు వెల యిచ్చుచుండెను. ట్రాయి 2024 డిసెంబరు 23న, మాటలకును సందేశములకును మాత్రమే ప్రత్యేక పథకము నుంచవలెనని కంపెనీలను శాసించినది. వాడనిదానికి వెల యడుగరాదను న్యాయము ఆమెకు చెల్లినప్పుడు మనకేల చెల్లదు?

మొదట కంపెనీవారి ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి, వారిచ్చు సంఖ్యను వ్రాసికొనుడు. తీరనిచో ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవింపుడు. జాతీయ వినియోగదారుల సహాయమునకు 1915 సంఖ్య గలదు. నల్లగొండలోను మహబూబ్‌నగరములోను జిల్లా వినియోగదారుల కమిషనులున్నవి; చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో అందు ఫిర్యాదునకు రుసుము లేదు.

చీటీ మగవారి పేర నున్నది గదా యందురేమో! సొమ్ము చెల్లించువారి యనుమతితో సేవను వాడుకొనువారిని గూడ 2019 నాటి చట్టము వినియోగదారులుగనే యెంచినది. కావున సంకోచము వలదు. క్రొత్తగా తీగ వేయించుకొనువారు, ఫోను లేని పథకము గలదా యని ముందే యడిగి, బదులును వ్రాతమూలముగా పుచ్చుకొనుడు.